నా వీపు ఉన్న సినిమా

జూన్ 22, ఆదివారం

సినిమా బాగుందట. క్లబ్బు హాల్లోంచి బయటికొస్తూ ఫ్యాక్టరీ టౌన్‌షిప్ వాళ్ళందరిదీ ఒకటే మాట. అక్క బతికున్నప్పుడు ఇదే క్లబ్బులో వాయిస్తామని అడిగితే, ఆడపిల్లలకి ఈ ఢమఢమలు దేనికని పంపేసింది వీళ్ళే. ఇవాళ ముందు వరసలో కూర్చుని ముక్కులు చీదారు. నాకు ఒళ్ళు మండింది.

వరసగా రాసుకుంటే తల సర్దుకుంటుందేమోనని రాస్తున్నాను. సినిమా పేరు ఒడియాలో ఉంది, తెలుగులో అయితే ‘చప్పుడు చేయకండి’. మన దామంజోడి, రాయగడ, టికిరి అమ్మాయిలు ముగ్గురు కలిసి పెట్టుకున్న రాక్ బ్యాండ్ మీద తీశారు. బ్యాండ్ పేరు సి షిఫ్ట్. పాడేది రాయగడ లిప్సా. గిటారు టికిరి కుంతి. డ్రమ్స్ మా అక్క ప్రణతి. ఇంట్లో అది పెద్దమ్మి, నేను చిన్నమ్మి. నాకు లక్ష్మిప్రియ అనే పేరుందని మా అమ్మకి గుర్తుందో లేదో.

షూటింగ్ సగంలో అక్క పోయింది. పోయిన ఆగస్టులో, మలేరియా తలకెక్కి. మిగిలిన సీన్ల కోసం డైరెక్టర్ సుభశ్రీ దీదీ ఇంటికొచ్చి బతిమాలితే అమ్మ నన్ను పంపింది. అక్క నల్ల టీషర్టు వేశారు, అక్కలాగే జుట్టు ఎత్తి ముడేశారు, కెమెరా నా వెనక పెట్టారు. ఊరికే చేతులాడించు, సౌండు పాతది వేసుకుంటాం అంది దీదీ. ఆడించాను. నాకు డ్రమ్స్ రావు.

ఇవాళ హాల్లో అక్క మొహం తెర మీదకి రాగానే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. కాసేపటికి నా వీపు వచ్చింది. నల్ల టీషర్టు, ముడి, కుడి మోచేతి మీద మచ్చ. చిన్నప్పుడు కుక్కరు మూత తగిలి కాలిన మచ్చ అది, ఎక్కడున్నా గుర్తుపడతాను.

"సూడే, పెద్దమ్మి ఎలగ వాయిత్తన్నాదో," అంది అమ్మ.

"అది నానేనమ్మా," అన్నాను చెవిలో. "అక్క పోయాక తీసేరు. నువ్వే కదేటి అంపేవు."

అమ్మ నా వైపు తిరిగింది. "నీకు వాయించడం ఎక్కడొచ్చే," అంది.

అదీ నిజమే.

నాన్న రాలేదు. రాత్రి డ్యూటీ ఉంది, నిద్ర పోవాలన్నాడు. రాకపోవడానికి కారణం నిద్ర కాదని ముగ్గురికీ తెలుసు.

జూన్ 24, మంగళవారం

నాన్నకి సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ వారం వస్తే మా ఇంట్లో పగలే చీకటి. కిటికీలకి దుప్పట్లు కడతాం. గిన్నె గిన్నెకి తగలకూడదు. అక్క డ్రమ్స్ నేర్చుకున్నది ఈ చీకట్లోనే, మంచం మీద దిండు పెట్టి దాని మీద పుల్లలతో. దబ్, దబ్, దబ్. పక్క గదిలో నాన్న గురక ఆగేది కాదు. అసలు డ్రమ్స్ ఉన్నది రాయగడలో, లిప్సా వాళ్ళ మేడ మీద గదిలో. నాన్న ఏనాడూ అటు వెళ్ళలేదు. కూతురు అంత గట్టిగా వాయిస్తుందని ఆయన విన్నది ఊళ్ళో వాళ్ళ నోట.

ఇవాళ మధ్యాహ్నం అక్క దిండు వాయించిన గదిలోంచి దబ్, దబ్ మని వినిపించింది. అమ్మ పరుపు దులుపుతోందనుకున్నాను. అమ్మ పెరట్లో ఉంది.

పక్కింటి వాళ్ళు కారం దంచుతున్నారు. అంతే అయ్యుంటుంది.

జూన్ 29, ఆదివారం

సుభశ్రీ దీదీ సినిమా లింకు పంపింది. పంపకుండా ఉంటే బాగుండేది. అమ్మ రోజూ చూస్తోంది. ఫోనుని ఉప్పు డబ్బాకి ఆనించి, నాన్న లేస్తాడని సౌండు పూర్తిగా తీసేసి, కూర తరుగుతూ చూస్తుంది. ముగ్గురమ్మాయిలు నోళ్ళు తెరిచి అరుస్తుంటారు, చప్పుడుండదు. అక్క చేతులు లేస్తుంటాయి, పడుతుంటాయి, చప్పుడుండదు.

నాకు మాత్రం వినిపిస్తోంది. ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బో ముందే తెలుస్తోంది. ఇన్నిసార్లు చూస్తే ఎవరికైనా వస్తుంది.

జులై 3, గురువారం

సీటు వచ్చింది. రాయగడలో నర్సింగు ట్రైనింగు. ఆగస్టు పద్దెనిమిదిన చేరాలి, తల్లో తండ్రో వెంట రావాలి. మూడేళ్ళు హాస్టల్. నేను ఈ ఇంట్లోంచి బయటపడుతున్నాను. సిగ్గు లేకుండా రాసుకుంటాను, నాకు చాలా సంతోషంగా ఉంది.

నాన్న డ్యూటీ నుంచి వస్తూ రసగుల్లాలు తెచ్చాడు. "సిస్టర్ లచ్చిప్రియ గారు, మాకో సూదెయ్యండి," అని చెయ్యి చాచాడు. ఏడాది తర్వాత నాన్న నవ్వడం. "నానే వస్తానమ్మీ నిన్ను దింపడానికి. రైల్లో ఎల్దాం," అన్నాడు.

అమ్మ ఒక రసగుల్లా తీసుకుని అక్క ఫొటో ముందు పెట్టింది. తర్వాత నన్ను అడిగింది, "మరి నీ డ్రమ్ములో?"

"నాకు డ్రమ్ములేటమ్మా."

"అదే," అంది, తల ఊపుతూ.

జులై 6, ఆదివారం

ఇవాళ్టిది జాగ్రత్తగా రాయాలి.

రాయగడలో సినిమా వేశారు, చిన్న హాలు. అమ్మా నేనూ వెళ్ళాం. రైలు సొరంగంలో దూరినప్పుడల్లా అమ్మ ఒళ్ళో వేళ్ళతో తాళం వేసింది. సొరంగంలో రైలు చప్పుడు విని అక్క తాళం పట్టుకునేదని సినిమాలో ఉంది. అక్క నాకెప్పుడూ చెప్పలేదు.

హాల్లో నేను నా వీపు కోసం చూస్తూ కూర్చున్నాను. వచ్చింది. క్లబ్బులో చూసినప్పుడు ఆ షాటులో వీపు కదల్లేదు, చేతులే కదిలాయి. ఇవాళ తల కొంచెం పక్కకి తిరిగింది. చెంప కనిపించింది, చెవి కనిపించింది. చెవికి ఎర్ర రాయి కమ్మ. ఆ కమ్మలు అక్కవి. అక్కతోపాటే పోయాయి, శ్మశానంలో ఎవరూ తీయలేదు.

మచ్చ మాత్రం నాదే.

అయ్యాక మేడ మీద లిప్సా వాళ్ళ గదికి వెళ్ళాం. అక్క డ్రమ్స్ మీద దుప్పటి కప్పి ఉంది. లిప్సా తీసేసింది. "ఒక్కసారి కూర్చో చిన్నమ్మీ. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నా గొంతు రావట్లేదు," అంది. కూర్చున్నాను. నాకు రాదని చెప్పాను. అబద్ధం చెప్పలేదు. పుల్లలు పట్టుకున్నాను, కాలు తనంతట తనే కింద పెడల్ వెతుక్కుంది. ఆ తర్వాత పాట అయిపోయేదాకా చేతులు ఆగలేదు.

ఎంత చప్పుడో. ఛాతీలో తగిలింది. నాకు చాలా బాగుంది, అది కూడా రాయాలి.

లిప్సా గోడకి ఆనుకుని ఏడ్చింది. అమ్మ చప్పట్లు కొట్టింది. కుంతి గిటారు అక్కడే పెట్టేసి బయట మెట్ల మీద కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే దూరంగా జరిగింది.

"ఏమైంది కుంతీ?"

"రెండో పాదం దగ్గర మీ అక్క ఎప్పుడూ ఒక దెబ్బ ముందు కొట్టేది. తప్పు. దీదీ సినిమాలో అది సరిచేసింది," అంది నా మొహం చూడకుండా. "నువ్వు సినిమా చూసి నేర్చుకుంటే ఆ తప్పు నీకెలా వచ్చింది?"

లేచి లోపలికి వెళ్ళి డ్రమ్స్ మీద దుప్పటి కప్పేశాను.

జులై 8, మంగళవారం

సుభశ్రీ దీదీకి ఫోన్ చేశాను. సినిమా ఏమైనా మార్చారా, నా షాటులో తల ఎందుకు తిరిగింది అని.

"ఏ షాటు?" అంది.

"నా వీపు షాటు దీదీ. నల్ల టీషర్టుది."

నెమ్మదిగా, నొప్పి కలిగించకూడదన్నట్టు చెప్పింది. "నీకు చెప్పాల్సింది, మరిచిపోయాను. నీతో తీసినవి వాడలేదు చిన్నమ్మీ. ఆ రోజు వాన, వెలుతురు కలవలేదు. సినిమాలో ఉన్నదంతా ప్రణతే."

"మరి మోచేతి మీద మచ్చ?"

"మచ్చ ప్రణతికి ఉంది కదా," అంది దీదీ.

జులై 9, బుధవారం

మచ్చ నా చేతి మీదే ఉంది. వంటింట్లో వెలుతురు తక్కువ కాబట్టి సరిగ్గా కనిపించలేదు.

జులై 15, మంగళవారం

ఇంట్లో గొడవ. వచ్చే నెలకి అక్క పోయి ఏడాది. అక్కని కన్నె పేరంటాలుగా నిలబెట్టాలని అమ్మ పట్టు. అమ్మ పుట్టింటి వాళ్ళు విజయనగరం వైపు అలాగే చేస్తారు. పెళ్ళి కాకుండా పోయిన పిల్లకి గోడ దగ్గర పసుపు పూసి ఫొటో పెట్టి, కొత్త చీర, గాజులు, పరమాన్నం పెడతారు. ఆ చీర ఇంట్లో బతికున్న ఆడపిల్ల కట్టుకుంటుంది. దీపం ఆరేదాకా ఆ పిల్లని పోయిన పిల్ల పేరుతోనే పిలుస్తారు, కాళ్ళకి మొక్కుతారు. దీపం ఆరాక తల్లో తండ్రో ఆ పిల్లని సొంత పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. పలికితే అయిపోయినట్టు. పిలిచేదాకా ఆ పిల్ల తిరిగి వచ్చినట్టు కాదు. అమ్మమ్మ ఇది నవ్వుతూ చెప్పేది, నేను నవ్వుతూ వినేదాన్ని.

నాన్నకి కోపం వచ్చింది. ఆయనకి కోపం రావడం అరుదు. "పోయిన గుంట పోనాది. ఉన్న గుంటని ఒగ్గేయ్. దాన్ని సదువుకోనీ," అన్నాడు.

"ఒక్కపూట సీర కడితే అరిగిపోద్దేటి?" అంది అమ్మ.

"నువ్వు ఒక్కపూటతో ఒగ్గుతావేటి?"

ఆ మాట అన్నందుకు నాన్న కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. ఆయన ఉన్నంతకాలం నాకేం భయం లేదు.

కానీ అమ్మ రెండు రోజులుగా అన్నం తినలేదు. ఒక్కపూటే కదా, కడతానన్నాను.

జులై 21, సోమవారం

ఎండు చేపల వాసన వస్తే నేను వీధిలోకి పోతాను. అక్కకి అదంటే ప్రాణం. ఇవాళ అమ్మ ఎండు చేపలు, వంకాయ పులుసు పెట్టింది. ఏదో ఆలోచిస్తూ తిన్నాను. పళ్ళెం కడుగుతుంటే చూశాను, ముళ్ళు వరసగా అంచు మీద పెట్టి ఉన్నాయి. అక్క అలా పెట్టేది.

అమ్మ మురిసిపోతూ చూసింది. అలా నన్ను చూసి అమ్మ మురవడం నాకు గుర్తున్నంతలో లేదు. కోపం రావాలి కదా. రాలేదు. రేపు మళ్ళీ వండుతుందేమో అనిపించింది.

జులై 27, ఆదివారం

ఇంక సినిమా చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

జులై 28, సోమవారం

చూశాను. తల ఇంకొంచెం తిరిగింది.

ఆగస్టు 1, శుక్రవారం

చేతులకి పసుపు ఉంది, కాగితం కూడా పచ్చగా అవుతోంది.

నాన్నకి పొద్దుటి షిఫ్టు, తెల్లారకముందే వెళ్ళిపోయాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చారు. అమ్మ గోడకి పసుపు పూసి, బొట్లు పెట్టి, బీరువా వెనక నుంచి ఫొటో తీసింది. అక్క పాత ఫొటో అనుకున్నాను. కాదు. సినిమాలోంచి కోరాపుట్ స్టూడియోలో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెచ్చింది. నల్ల టీషర్టు, ఎత్తి ముడేసిన జుట్టు, మచ్చ.

నా వీపు.

"అమ్మా, ఇది నానేనమ్మా. బతికున్నోల్ల ఫొటో పెట్టకూడదు. తియ్యి."

"మొకం ఉన్నవేవీ బాగా రానేదే. ఇదే ముద్దుగా ఉన్నాది," అంది అమ్మ. దండ వేసేసింది. ఫ్రేము అద్దం మీద, నా మెడ కింద, కుంకుమ పెట్టింది. నా మెడ దగ్గర చల్లగా తగిలింది. తడి జుట్టు అయ్యుంటుంది, తలంటుకున్నాను కదా.

చీర కట్టారు. ఆకుపచ్చ, ఎర్ర అంచు. పీట మీద కూర్చోబెట్టారు. ఒక్కొక్కరూ వచ్చి కాళ్ళకి పసుపు రాసి, "పెద్దమ్మీ, సల్లగా సూడమ్మా," అన్నారు. నేను అక్షింతలు వేశాను. పక్క క్వార్టర్లోకి కొత్తగా వచ్చినావిడ, అటూ ఇటూ చూసింది.

"మీ సిన్నమ్మాయి కనబడదేటండీ?" అంది.

నేను పీట మీదే ఉన్నాను. ఆవిడకి రెండడుగుల దూరంలో.

"సినిమాలో ఉన్నాది కదేటి," అంది అమ్మ, పరమాన్నం గిన్నె అందిస్తూ.

ఆవిడ నవ్వింది. అమ్మ నవ్వలేదు.

సాయంత్రం దీపం ఆరింది. అందరూ వెళ్ళిపోయారు. నేను పీట మీద కూర్చునే ఉన్నాను, అమ్మ పిలవాలి కదా. అమ్మ గిన్నెలు సర్దింది, గది తుడిచింది, నా ముందు నుంచి రెండుసార్లు వెళ్ళింది. పిలవలేదు. "అమ్మా, పిలువు," అన్నాను. "పిల్డానికేటుంది, ఎదురుగానే ఉన్నావు," అంది.

చీర నేనే విప్పుకున్నాను.

ఆగస్టు 2, శనివారం

తల్లి గానీ తండ్రి గానీ పిలవచ్చు. నాన్న ఉన్నాడు.

ఆగస్టు 6, బుధవారం

నాన్న ఈ వారమంతా "అమ్మీ" అంటున్నాడు. "మంచినీళ్ళట్రా అమ్మీ." "లైటు తియ్యమ్మీ." ఆయన ఎప్పుడూ అలాగే అంటాడు కదా. అక్కనీ అలాగే అనేవాడు, నన్నూ అలాగే అంటాడు. ఇంతకుముందు ఎందుకు గమనించలేదో. ఒక్కసారి పేరు పెట్టి పిలువు నాన్నా అని అడగాలని నోటిదాకా వస్తుంది. ఏమని అడుగుతాం. పిచ్చి పట్టిందనుకుంటాడు. ఒక పిచ్చిమనిషి ఇంట్లో ఉన్నది చాలు.

మచ్చ సంగతి ఇంక రాయను.

ఆగస్టు 9, శనివారం

ఉపాయం తట్టింది. నాన్నకి సినిమా చూపిస్తాను. ఆయన నన్ను వీపు మీద ఎక్కించుకుని పెంచిన మనిషి. నా నడక, నా భుజాలు ఆయనకి తెలియవా. తెర మీద నా వీపు రాగానే, ఇది చిన్నమ్మి అంటాడు. దీదీ ఏమైనా చెప్పనీ, అమ్మ ఏమైనా అననీ, ఆయన నోటితో నా పేరు వస్తే చాలు. రేపు వారపు సెలవు, మధ్యాహ్నం చూపిస్తాను. సౌండుతో.

ఆగస్టు 10, ఆదివారం

ముందు వద్దన్నాడు. "నానొల్లనమ్మీ. ఆ పిల్లని అలగ సూడలేను," అన్నాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. అమ్మ గుమ్మంలో నిలబడింది. లిప్సా వాళ్ళు ఇచ్చిన స్పీకరు పెట్టాను. మొదటి పాట మొదలవగానే నాన్న ఉలిక్కిపడి కిటికీ వైపు చూశాడు. ఎవరో పడుకున్నారన్నట్టు.

"ఇంత సప్పుడా?" అన్నాడు.

"అక్కే నాన," అన్నాను.

"ఇంత సప్పుడు నా ఇంట్లో ఉండీదా? నాను తొంగున్నానని దిండు మీద కొట్టీదా ఇదంతా?" స్పీకరు మీద చెయ్యి పెట్టాడు. "ఒక్కపాలి లేపితే ఏటయ్యేది. లేపనేదు మీరు. ఎవలూ లేపనేదు."

ఆయన ఏడ్చాడు. ఆపేయాల్సింది. ఆపలేదు, నా వీపు ఇంకా రాలేదు.

వచ్చింది. నల్ల టీషర్టు. నాన్న ముందుకి వంగాడు. వీపు తిరిగింది. ఈసారి పూర్తిగా తిరిగింది, కెమెరా వైపు చూసింది. నాన్న చూపుడువేలు లేచింది.

"ఓలమ్మా. సిన్నమ్మే ఇది," అన్నాడు. "సిన్నమ్మే."

నేను గెలిచాను. అమ్మ వైపు తిరిగి చూశాను, విన్నావా అన్నట్టు. అమ్మ తల ఊపింది.

"సిన్నమ్మి. సిన్నమ్మి," అన్నాడు నాన్న మళ్ళీ, మళ్ళీ. మూడుసార్లు అయ్యింది. నేను పలికాను కూడా, "ఆఁ నాన," అని. ఆయన నా వైపు తిరగలేదు. తెర తడుముతూ ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. ఎందుకంత ఏడుపో, నేను పక్కనే కూర్చున్నాను కదా.

పేరు వచ్చింది. తెర వైపు చూస్తూ అన్నా నా వైపు చూస్తూ అన్నా ఒకటే.

ఆగస్టు 11, సోమవారం

ఒకటే అనుకుంటున్నాను.

ఆగస్టు 14, గురువారం

నాన్న డ్యూటీ నుంచి వచ్చి పడుకోలేదు. కిటికీల దుప్పట్లు తనే విప్పేశాడు. "వాయించమ్మీ. నానింటాను," అన్నాడు. బియ్యం డబ్బా బోర్లించి వాయించాను. గట్టిగా, ఇల్లు అదిరేలా. పక్క క్వార్టర్ వాళ్ళు తలుపులోంచి తొంగిచూశారు. నాన్న మంచం మీద వెల్లకిలా పడుకుని వింటూ వింటూ నిద్రపోయాడు. అమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని విసనకర్రతో విసిరింది. మా ఇంట్లో ముగ్గురం ఒకచోట అంత నెమ్మదిగా ఉండడం ఈ మధ్య లేదు.

రెండో పాదం దగ్గర ఒక దెబ్బ ముందు పడుతోంది. దిద్దుకోవాలని కూడా లేదు.

ఆగస్టు 17, ఆదివారం

బ్యాగు సర్దాను. తెల్ల చున్నీలు, చెప్పులు, సర్టిఫికెట్లు. నాన్నకి గుర్తు చేశాను, "రేపు రాయగడ, పొద్దున్న రైలు," అని. "ఓ," అన్నాడు. ఆయన మాటంటే మాటే.

రేపటికి ఈ వేళ హాస్టల్లో ఉంటాను. అక్కడ హాజరు పిలుస్తారు. రోజూ పిలుస్తారు, లక్ష్మిప్రియ అని, పేరు పెట్టి, గట్టిగా. తల్లీ తండ్రీ కాకపోయినా పనికొస్తుందేమో. ఎవరికి తెలుసు.

ఆగస్టు 18, సోమవారం

రైలు టైముకి నాన్న పూజ గోడ దగ్గర కూర్చుని ఉన్నాడు. బట్టలు మార్చుకోలేదు. "నాన, టైమయ్యింది," అన్నాను. "ఎక్కడికి?" అన్నాడు. నవ్వులాటకనుకున్నాను. బ్యాగు చూపించాను. ఆయన బ్యాగు దగ్గరికి వచ్చి, జిప్పు తీసి, తెల్ల చున్నీ బయటికి తీసి మొహానికి ఆనించుకున్నాడు. తర్వాత మళ్ళీ మడత పెట్టి, అమ్మకి ఇచ్చి, పెట్టెలో దాచమన్నాడు.

నేను ఒక్కదాన్నే స్టేషన్‌కి పోవచ్చు. ఎవరూ పట్టుకోలేదు. గుమ్మందాకా వెళ్ళాను కూడా. తల్లో తండ్రో వెంట రావాలి కదా, ఒక్కదాన్నే పోతే చేర్చుకోరు. అందుకే ఆగాను. అందుకే.

మధ్యాహ్నం నాన్న భోజనానికి కూర్చున్నాక ఫోన్ మోగింది. రాయగడ నుంచి. అటువైపు తెలుగావిడే, గొంతు పెద్దది, నాకు అంతా వినిపించింది. లక్ష్మిప్రియ ఇంకా రిపోర్టు చేయలేదు, సాయంత్రం దాకా చూస్తాం, వస్తున్నారా లేదా అని అడిగింది.

నాన్న చెయ్యి కడుక్కున్నాడు. పంచె సరిచేసుకుని లేచి నిలబడ్డాడు, పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు నిలబడతాడు.

"లచ్చిప్రియ మా సిన్నమ్మాయండి," అన్నాడు. "నేదండి. కిందటేడు జొరమొచ్చి పోనాది. సీటు వచ్చిందని రసగుల్లాలు కూడా తెచ్చేనండి. మంచి గుంటండి. ఎప్పుడూ ఏదీ అడగనేదు. ఆ సీటు ఇంకో పిల్లకివ్వండి."

నేను గరిటె పట్టుకుని పక్కనే ఉన్నాను. నోరు తెరిచాను. ఒక్క మాట చాలు, ఆవిడకి వినపడేలా ఒక్క మాట. నాన్న మొహం చూశాను. నా కోసం మనిషి అలా ఏడవగలడని నాకు ఇవాళ్టిదాకా తెలియదు. అన్ని కన్నీళ్ళు, గడ్డం దాకా, నా కోసం. మాట్లాడితే ఆగిపోతాయి. నేను మాట్లాడలేదు.

ఫోన్ పెట్టేసి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ పీట మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మీ, ఇంకొంచెం అన్నమెయ్యి," అన్నాడు.

వేశాను.